జీలుగు దున్నిన ఎకరంలో 3 క్వింటాళ్లు ఎక్కువొచ్చాయి, నమ్మొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. గచ్చిబౌలిలో ఉద్యోగం, శని ఆదివారాలు శంకర్‌పల్లి పక్కన సొంతూళ్లో. నాన్నగారు బోరు కింద నాలుగెకరాలు వరి వేస్తారు. 2025 వానాకాలంలో మీరు పట్టుబట్టి ఒక ఎకరంలో వరికి ముందు పచ్చిరొట్ట ఎరువుగా జీలుగు పెంచి నేలలో కలిపి దున్నించారు. ఆగస్టులో యూరియా దొరక్క, చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డా చాలినంత రాక, ఆ ఎకరానికి ఒక బస్తా తక్కువే పడింది. అయినా నాన్నగారి పద్ధతిలో వేసిన పక్క ఎకరం కంటే 3 క్వింటాళ్లు ఎక్కువ తూగింది. ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది నవ్వారు. ఇప్పుడు మీతో కలిపి ఎనిమిది మంది రైతులు సొంతంగా పరీక్ష పెట్టి తేల్చుకుందామంటున్నారు. ఆ 3 క్వింటాళ్లు నమ్మొచ్చా, పరీక్ష మీరే పెట్టుకోవచ్చా, సైంటిస్టు రావాలా అని అడిగారు.

ఆ 3 క్వింటాళ్లను ఇప్పుడే నమ్మకండి. పరీక్ష మాత్రం నిక్షేపంగా మీరే పెట్టుకోవచ్చు. సైంటిస్టు రానక్కర్లేదు గానీ మొదలుపెట్టే ముందు ఒకసారి వెళ్లి కలవండి, ఎక్కడికన్నది కింద రాస్తాను.

నా సంగతి ఒక ముక్క. రాజేంద్రనగర్‌లో ఉంటాను. రంగారెడ్డి, వికారాబాద్ జిల్లాల్లో రైతుల పొలాల్లో ప్రయోగాలు పెట్టే పనిలో ముప్పయ్యేళ్లు తిరిగాను. సైంటిస్టుని కాదు. మేకులు పాతి, తాడు పట్టి, కోతనాడు కాంటా దగ్గర కూర్చునే మనిషిని. అందుకే నేను చెప్పేదాంట్లో సిద్ధాంతం తక్కువ, తిన్న ఎదురుదెబ్బలు ఎక్కువ.

చాలా ఏళ్ల కిందట చేవెళ్ల వైపు ఒక ఊళ్లో జింకు సల్ఫేట్ పరీక్ష పెట్టాం. పొలాన్ని నడిమికి చీల్చి పడమటి సగంలో జింకు వేశాం, తూర్పు సగం వదిలేశాం. నెల తిరిగేసరికి పడమటి సగం నల్లగా నిగనిగలాడుతోంది. నేను ఫొటోలు తీయించాను, పై ఆఫీసరును తీసుకొచ్చి చూపించాను. కోతనాడు ఆ రైతు తల్లి సద్ది పట్టుకొచ్చి, గట్టు మీద కూర్చుని నా కాగితాలు చూసి నవ్వింది. "గా సగంల మీరు మందేసినా ఎయ్యకున్నా గట్లనే పండుతది సారూ. మా మామ కాలంల ఆడ బర్ల కొట్టం ఉండె." ఎన్నో ఏళ్ల పెంట ఆ నేలలో ఇంకి ఉంది. మరుసటి ఏడు ఎక్కడా జింకు వేయకుండా రెండు సగాలూ విడివిడిగా కోసి తూచాం. మళ్లీ పడమటి సగమే గెలిచింది.

మీ రెండెకరాల మధ్య కూడా ఏదో ఒక కొట్టం ఉండే ఉంటుంది. నాన్నగారిని ఒక్క మాట అడగండి: జీలుగు గొడవ లేని రోజుల్లో ఆ రెండింట్లో ఏ ఎకరం ఎక్కువ పండేది? ఆయనకు ఆలోచించే పని కూడా ఉండదు, టక్కున చెప్తారు. పక్కపక్కనున్న రెండెకరాలు ఒకే మందు, ఒకే నాటు, ఒకే నీళ్లతో వేసినా రెండు మూడు క్వింటాళ్ల తేడా రావడం మన ఎర్ర చల్కల్లో మామూలే. ఆ మామూలు తేడాలోంచి జీలుగు తెచ్చిన తేడాను విడదీయడమే పరీక్ష పని.

ఇక మీ ప్రశ్ననే కాస్త తిప్పి చూడాలి. నాన్నగారు ఎకరాకు మూడు బస్తాల యూరియా, ఒక బస్తా డీఏపీ వేస్తారన్నారు. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, అందులో 46 శాతం నత్రజని. మూడు బస్తాలకు 62 కిలోలు, 50 కిలోల డీఏపీలో ఇంకో 9 కిలోలు. మొత్తం 71. విశ్వవిద్యాలయం సిఫారసు నేలను బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది గానీ, హెక్టారుకు 120 కిలోలు అన్నది వరికి ఎక్కువగా వినిపించే అంకె. అంటే ఎకరాకు 48. మీరు ఒక బస్తా తగ్గించాక పడింది దాదాపు 50. అంటే ఏం చేశారన్నమాట? జీలుగు లేకపోయినా సరిపోయే మోతాదుకే దిగారు. మరి గెలిచింది జీలుగా, లేక అక్కడ ఆ మూడో బస్తా మొదటినుంచీ దండగేనా? మీ రెండెకరాలు దీనికి జవాబు చెప్పలేవు. ఒకేసారి రెండు మార్పులు చేశారు కాబట్టి.

నాన్నగారు మూడో బస్తా తెలియక వేస్తున్నారనుకోకండి. బస్తా 266 రూపాయల 50 పైసలు. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389. ఒక్క క్వింటాలు పోతే దాదాపు తొమ్మిది బస్తాల యూరియా పోయినట్టు. ఏ రైతైనా ఈ లెక్క చూసి "పోతే పోనీ, ఇంకో బస్తా చల్లు" అంటాడు. అది బీమా లాంటిది. కాకపోతే ఆ బీమాకు బిల్లు వేరే చోట వస్తుంది. నత్రజని ఎక్కువైన మడిలో సుడిదోమ, అగ్గితెగులు పెరుగుతాయి, పైరు పడిపోతుంది, మందు కొట్టే ఖర్చు పెరుగుతుంది. పైగా 2025లో చూశాం కదా, డబ్బులున్నా బస్తా దొరకలేదు. కాబట్టి యూరియా ఖర్చు మిగులుతుందని జీలుగు వేయమంటే ఎవరూ వేయరు. మిగిలే 266 రూపాయలు జీలుగు దున్నే ట్రాక్టరు కిరాయికే చాలవు. దిగుబడైనా పెరగాలి, మందు కొట్టడమైనా తగ్గాలి, నేలైనా బాగుపడాలి. ఇది ముందే ఎనిమిది మందీ కూర్చుని ఒప్పుకుంటే తర్వాత కొట్లాట ఉండదు.

అందుకని ప్రతి రైతు పొలంలో మూడు మడులు పెట్టండి. ఒకటి మామూలుగా మీరు చేసేదే: మూడు బస్తాల లెక్క, జీలుగు లేదు. రెండోది: రెండు బస్తాల లెక్క, జీలుగు లేదు. మూడోది: రెండు బస్తాల లెక్క, జీలుగు ఉంది. నాలుగోది, అంటే మూడు బస్తాలతో పాటు జీలుగు కూడా పెడదామని ఎవరో ఒకరు తప్పక అంటారు. వద్దనండి. మీకు అక్కర్లేని ప్రశ్నకు జవాబు కోసం ఎనిమిది మడులు పాడు చేసుకోవడం ఎందుకు?

ఒక్కో మడి 5 గుంటలు. మూడు మడులకు 15 గుంటలు, ఎనిమిది మందికి కలిపి 120 గుంటలు, అంటే సరిగ్గా మూడెకరాలు. ఎవరి పొలమూ ఆగం కాదు. ఒకవేళ జీలుగు మడిలో ఎకరాకు రెండు క్వింటాళ్ల లెక్కన పోయిందే అనుకోండి, 5 గుంటల్లో పోయేది 25 కిలోలు, ఆరొందల రూపాయలు. ఆ మాత్రం నష్టం తట్టుకోలేని రైతు గుంపులో ఉంటే మిగతావాళ్లు తలా కొంత వేసుకుని పూడుస్తామని మొదటి రోజే చెప్పండి. నేను చూసిన సొంత పరీక్షలు చాలావరకు మధ్యలో చెడిపోయింది ఇక్కడే. పైరు కొంచెం ఎర్రబడగానే భయపడి రాత్రికి రాత్రి ఆ మడిలో గుప్పెడు యూరియా చల్లేస్తారు. మొహమాటం కొద్దీ ఎవరికీ చెప్పరు. నష్టం పంచుకుంటామన్న మాట ముందే ఉంటే ఆ దొంగ గుప్పెడు పడదు.

మూడు మడుల్లో ఏది దేనికన్నది చీటీలు వేసి తీయండి. ఇది తమాషాకు చెప్పడం లేదు. మనకు నచ్చిన పద్ధతికి తెలియకుండానే మంచి మడి ఇస్తాం, నేనూ ఇచ్చాను. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఈ చీటీ పద్ధతిని శాస్త్రంగా మార్చాడు. ఆస్పత్రుల్లో మందులకు వాడింది ఆ తర్వాతే, పుట్టింది పొలంలో. ప్రతి రైతు పొలానికీ విడిగా చీటీ తీయాలి, ఒక పొలంలో వచ్చిన వరసనే అందరికీ పెట్టకూడదు. తీసేది ఇంట్లో చిన్నపిల్లలైతే మరీ మంచిది, "నువ్వు చూసి తీశావు" అనే మాట రాదు. ఇదంతా జీలుగు విత్తనం చల్లకముందే, అంటే మే నెలలోనే అయిపోవాలి. పైరు మొలిచాక చీటీ తీయడానికి లేదు.

మడులు నిలిపేటప్పుడు వాలు చూడండి. బోరు నీళ్లు పారే దారికి దగ్గరగా ఉన్న మడి, చివరి మడి ఒకేలా పండవు. మూడు మడులూ వాలుకు అడ్డంగా, ఒకే ఎత్తులో ఉండేలా చూసుకుంటే ఆ తేడా చాలావరకు పోతుంది. చెట్టు నీడ, పెంటకుప్ప పోసిన చోటు, పాత కల్లం, కొత్తగా చదును చేసిన చోటు వదిలేయండి. ఏది ఎక్కడుందో కాగితంలో దొరకదు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

వరిలో అన్నిటికంటే ముఖ్యమైనది నీళ్లు. మన దగ్గర మడి నుంచి మడికి నీళ్లు పారిస్తాం. యూరియా నీళ్లలో కరుగుతుంది. పై మడిలో చల్లిన మూడు బస్తాల లెక్క కింది మడిలోకి జారిపోతే, అక్కడ మీరు కొలిచేది జీలుగు బలం కాదు, పక్క మడి యూరియా. కాబట్టి ప్రతి మడికీ విడిగా నీటి పాయ ఉండాలి, మడుల మధ్య గట్టు బలంగా ఉండాలి, ఎండ్రకాయ బొక్కలు వారానికోసారి చూసి పూడ్చాలి. యూరియా చల్లే ముందు నీళ్లు తీసేసి, చల్లాక ఒకట్రెండు రోజులు మడి కట్టేసి ఉంచండి. విడి పాయ పెట్టలేని పొలాన్ని మొహమాటం లేకుండా పరీక్షలోంచి తప్పించండి. ఎనిమిది దొంగ పొలాల కంటే ఐదు నిజం పొలాలు నయం.

జీలుగు విత్తనం ఎకరాకు 12 కిలోలు, అంటే 5 గుంటలకు కిలోన్నర. మీ ఎనిమిది మందికీ కలిపి ఒక ఎకరం విత్తనమే చాలు. తొలకరికి, లేదా బోరు నీళ్లతో మే ఆఖరులో చల్లి, 45 నుంచి 50 రోజులకు, పూత మొదలయ్యేటప్పుడు దున్నేయాలి. ఆలస్యమైతే కాడ కట్టెలా ముదిరి మురగదు, నాటేటప్పుడు కాళ్లకు గుచ్చుకుంటుంది, కూలీలు తిట్టుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. జీలుగు లేని మడిలో జులై మొదట్లోనే నాటేయొచ్చు, జీలుగు మడి ఆగాలి. పరీక్షలో మాత్రం మూడూ ఒకే రోజు, ఒకే నారుతో, అదే కూలీల చేత నాటించండి. కాకపోతే జీలుగు కోసం ఎన్ని రోజులు ఆగారో పుస్తకంలో రాయండి. బోరు చివర్లో ఎండే ఊళ్లో ఆ రోజులకు ధర ఉంటుంది.

ఏ దఫాలో యూరియా తగ్గించాలన్నది ముందే రాసిపెట్టుకోండి. ఒకరు నాటిన కొత్తలో, ఇంకొకరు చిరుపొట్ట దశలో, అంటే కంకి లోపల రూపుకట్టేటప్పుడు, తగ్గిస్తే ఎనిమిది పొలాలు ఎనిమిది పరీక్షలవుతాయి. నా అభిప్రాయం అడిగితే, మొదటి దఫాలోనే తగ్గించండి. మురిగిన జీలుగు పిలకలు పెట్టే దశలో కొంత ఆదుకుంటుంది. చిరుపొట్ట దశలో యూరియా తగ్గిస్తే గింజల సంఖ్య మీదే దెబ్బ పడుతుంది. ఎరువు గుప్పెళ్లతో కొలవొద్దు, కాంటా పెట్టండి. 5 గుంటలకు మూడు బస్తాల లెక్క దాదాపు 17 కిలోలు, రెండు బస్తాల లెక్క 11 కిలోల పావు. సీజను మొత్తానికి మడివారీగా సంచుల్లో కట్టి, పేరు రాసి ఇంటి మూలన పెట్టేయండి. సంచి ఖాళీ అయితే యూరియా అయిపోయినట్టే.

పుస్తకం సంగతి. మీరు సాఫ్ట్‌వేరు మనిషి కాబట్టి ముప్పై కాలమ్‌ల షీటు చేసి అందరి ఫోన్లలో పెడతారని నాకు భయం. చేయకండి. నాటిన తేదీ, ప్రతి దఫా ఎరువు తేదీ, పురుగు మందు ఎప్పుడు ఏ మడికి కొట్టారు, కూలి ఎంత, పైరు పడిపోయిందా, కోత తేదీ. అంతే. రైతులు లెక్క రాయలేరన్నది పాత అపోహ. ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం లాంటి ఏడు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి, వాన కొలిచి, ఏ పంట వేయాలో ఊరంతా కూర్చుని లెక్క కట్టుకున్న ప్రాజెక్టు నడిచింది. వాళ్లు రాసిన రిజిస్టర్లు మా ఆఫీసు రిజిస్టర్ల కంటే శుభ్రంగా ఉండేవి. అక్కరకొచ్చే లెక్కైతే ఎవరైనా రాస్తారు.

ఒక చిన్న విషయం. మందు కొట్టేటప్పుడు మూడు మడులకూ అలవాటుగా కలిపి కొట్టేస్తారు. సుడిదోమ ఎక్కడ ఉందో అక్కడే కొట్టండి. వంగి దుబ్బు మొదలు తట్టి చూడండి, నీళ్ల మీద పడ్డ పురుగులు లెక్కపెట్టండి. యూరియా తగ్గించిన మడికి ఒక స్ప్రే తప్పిందంటే అది దిగుబడి లెక్కలో కనబడదు, ఖర్చు లెక్కలో కనబడుతుంది.

కోత దగ్గరికి వద్దాం. పరీక్షలు పాడయ్యేది ఎక్కువగా ఈ ఒక్క రోజే. ఒకసారి మేం నాలుగు నెలలు కళ్లలో వత్తులేసుకుని కాపాడిన పరీక్షను హార్వెస్టర్ డ్రైవరు పది నిమిషాల్లో కలిపేశాడు. మొదటి మడి కోశాక ట్యాంకు ఖాళీ చేయకుండానే రెండో మడిలోకి దిగాడు. నేను అరుచుకుంటూ పరిగెత్తేలోపు మూడోదాంట్లో సగం అయిపోయింది. అప్పటినుంచి మిషను వచ్చే ముందే చేత్తో కోతలు కోయించుకుంటున్నాను.

అదెలాగంటే: ప్రతి మడిలో రెండు చోట్ల ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చదరం. ప్రభుత్వ పంట కోత ప్రయోగాల్లో వరికి వాడే కొలతే ఇది. ఇంకా చిన్నది పెట్టుకుంటే పని తొందరగా తెములుతుందని అనిపిస్తుంది. కానీ చిన్న చదరంలో అంచు మీది దుబ్బులు లోపలికి లాగేసుకునే అవకాశం ఎక్కువ, దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. 1940లలోనే మన దేశపు గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే ఈ సంగతి లెక్కలతో చూపించాడు. తాడుకు ఐదు మీటర్ల దగ్గర ముడులు వేసుకోండి. నాలుగు మేకులు పాతాక మూలమూలకు కొలిస్తే 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి. రాలేదంటే చదరం వంకరగా ఉంది. తాడు సరిగ్గా దుబ్బు మీదికి వస్తే ఒకటి లోపల, తర్వాతిది బయట. గట్టు నుంచి కనీసం మీటరున్నర లోపలికి పెట్టండి, గట్టు పక్క వరి ఎప్పుడూ ఏపుగా ఉంటుంది. ఎక్కడ పెట్టాలన్నది కూడా చీటీయే: గట్టు మూల నుంచి ఇన్ని అడుగులు ముందుకు, ఇన్ని అడుగులు పక్కకు. కంటికి బాగున్న చోట పెట్టాలని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి.

ఆ 25 చదరపు మీటర్లలో ఒక్క కిలో తప్పు పోతే ఎకరాకు 162 కిలోలు తప్పు పోయినట్టు. అందుకే కోసిన వెంటనే టార్పాలిన్ మీద కొట్టి, తూర్పారబట్టి, తాలు తీసి తూకం వేయాలి. తేమ కొలవాలి. కొనుగోలు కేంద్రంలో ఉండే తేమ మీటరు చాలు. నత్రజని ఎక్కువ పడ్డ మడి ఆలస్యంగా పండుతుంది, ఒకే రోజు కోస్తే ఆ వడ్లలో తేమ ఎక్కువుంటుంది. పచ్చి తూకం చూస్తే మూడు బస్తాల మడి ఊరికే గెలుస్తుంది. అందరివీ 14 శాతం తేమకు మార్చండి: తూకాన్ని 100లోంచి తేమ శాతం తీసేసిన అంకెతో గుణించి 86తో భాగించండి. 22 శాతం తేమతో 100 కిలోలు తూగిన వడ్లు అసలు లెక్కకు 90 కిలోల 700 గ్రాములే. మీ 3 క్వింటాళ్లు తూచినప్పుడు తేమ చూశారా? మీరు రాయలేదు.

లెక్క కట్టడం చెబుతాను. ఎనిమిది మంది ఎనిమిది తేడాలు, అంతే చూడండి. ఎవరి పొలంలో తేడా వారిది. ఊరికే ఉదాహరణకు రాస్తున్న అంకెలివి: జీలుగు మడిలోంచి మామూలు మడిని తీసేస్తే ఎకరాకు కిలోల్లో 40 ఎక్కువ, 110 తక్కువ, 160 ఎక్కువ, 90 ఎక్కువ, 20 తక్కువ, 210 ఎక్కువ, 70 ఎక్కువ, 120 ఎక్కువ వచ్చాయనుకుందాం. సగటు 70 కిలోలు ఎక్కువ. ఆరుగురికి పెరిగింది, ఇద్దరికి తగ్గింది. సంబరపడొచ్చా? రూపాయి బిళ్ల ఎనిమిది సార్లు ఎగరేస్తే ఆరు లేదా అంతకంటే ఎక్కువ సార్లు బొమ్మ పడే అవకాశం 256లో 37, అంటే ఏడింట ఒకసారి. అంత అరుదేం కాదు. అదే ఎనిమిదికి ఎనిమిదీ పెరిగితే అది 256లో ఒక్కటి, అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. ఇదే లెక్క ఎక్సెల్‌లో కొంచెం లోతుగా చేస్తే, అసలు తేడా 15 కిలోలు తగ్గడం నుంచి 155 కిలోలు పెరగడం వరకూ ఎక్కడైనా ఉండొచ్చని వస్తుంది.

అప్పుడేమనాలి? "జీలుగు వల్ల దిగుబడి పెరిగింది" అని గ్రూపులో పెట్టడానికి లేదు. కానీ మీకు కావల్సిన జవాబు అందులోనే ఉంది. ఒక బస్తా యూరియా తగ్గించినా నష్టం జరిగితే ఏ పాతిక కిలోల లోపే అన్నమాట. యూరియా దొరకని ఏడాది అది బంగారం లాంటి మాట. తర్వాత రెండో మడిని, అంటే జీలుగు లేని రెండు బస్తాల మడిని, మొదటి దాంతో పోల్చండి. అక్కడా తేడా లేదనుకోండి, ఈ ఏటికి జీలుగు ఖర్చు కూడా అక్కర్లేదని తేలుతుంది. అలా తేలితే మీకు నచ్చకపోవచ్చు. అయినా అలాగే రాయండి.

సగటుతో ఆపేయకండి. ఆ 110 తగ్గిన రైతు పొలానికి అందరూ కలిసి నడిచి వెళ్లండి. జీలుగు లేటుగా దున్నాడా, నీళ్లు నిలవలేదా, నేల వేరా? నా అనుభవంలో ఓడిన మడి దగ్గర నేర్చుకున్నంత గెలిచిన మడి దగ్గర నేర్చుకోలేదు. మీ ఎనిమిది మందిలో కౌలు రైతు ఉంటే ఆయన లెక్క విడిగా చూడండి. జీలుగు నేలకు చేసే మేలు వచ్చే పంటకు, ఆపై పంటకు కనబడుతుంది, అప్పటికి ఆ పొలం ఆయన చేతిలో ఉంటుందో లేదో. ఆయన వద్దంటే అది మూర్ఖత్వం కాదు.

అన్నీ ఒకేసారి మార్చేస్తే ఎంత గందరగోళమో మనవాళ్లకు శ్రీ వరి దగ్గర అనుభవమే. 2003 వానాకాలంలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. లేత నారు, దూరం దూరంగా ఒక్కో మొక్క, తక్కువ నీళ్లు, కలుపు తీసే కోనో వీడరు, పశువుల ఎరువు, అన్నీ కలిపి ఒకే పేరు. కొందరికి విరగ పండింది, కొందరికి పండలేదు. 2004లో విదేశీ శాస్త్రవేత్తలు ఎగిరే పళ్లాల కథలతో పోల్చి వెటకారం చేశారు, ఇటువైపు అభిమానులు పూనకంతో వాదించారు. అన్నింట్లో ఏది పని చేసిందో విడదీసి చూసినవాళ్లు తక్కువ. చివరికి రైతులే తమకు నప్పిన ముక్కలు ఉంచుకుని మిగతావి వదిలేశారు.

కంపెనీల డెమో ప్లాట్లు చూసి పరీక్ష అంటే అదేననుకోకండి. పేరెందుకు గానీ, ఒక కంపెనీ డెమోలో వాళ్ల మందు కొట్టిన మడికి ఎరువు కూడా ఉచితంగా వాళ్లే ఇచ్చారు, పక్క మడికి ఏమీ ఇవ్వలేదు. బోర్డు మాత్రం మందు పేరుతో. రైతులు బిర్యానీ తిని, ఫొటో దిగి, ఇంటికెళ్లి మామూలు మందే కొన్నారు. వాళ్లకు తెలుసు.

రైతు సొంతంగా చూసి, ఏరి, పోల్చి తేల్చిన దానికి విలువ లేదనేవాళ్లకు హెచ్ఎంటీ బియ్యం చూపించండి. హైదరాబాద్‌లో ఏ కిరాణా కొట్టులోనైనా ఆ పేరు వినబడుతుంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1983లో తన పటేల్-3 వరి మడిలో తేడాగా ఉన్న కంకులు గమనించి, విడిగా ఏరి, ఏటేటా వేసి చూసి పెంచిన రకం అది. అప్పట్లో చేతికి కట్టుకునే గడియారం పేరే పెట్టారు. పెద్ద చదువు లేని మనిషి. కాకపోతే ఏళ్ల తరబడి పక్కపక్కన వేసి చూశాడు.

హైదరాబాద్ పక్కనే ఉండటం మీ అదృష్టం. రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, భారతీయ వరి పరిశోధన సంస్థ కూడా అక్కడే. మే నెలకు ముందు, మడుల పటం ఒక కాగితం మీద గీసుకుని వెళ్లండి. "జీలుగు మంచిదా" అని అడిగితే మంచిదే అంటారు, టీ తాగి వచ్చేస్తారు. "ఈ మూడు మడుల పోలికలో తప్పేముంది" అని అడగండి, కుర్చీ ముందుకు లాక్కుని మాట్లాడతారు. మట్టి పరీక్ష మడివారీగా చేయించండి. ఆరంగుళాల లోతు వరకు వి ఆకారంలో గుంట తీసి, పక్క గోడ నుంచి పలచగా చెక్కిన మట్టి, మడికి పది చోట్ల నుంచి కలిపి, చివరికి అర కిలో. వర్షాధార పంటల అనుమానాలుంటే సంతోష్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రీడా, ఉంది. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి ఉన్నా వాళ్లవి జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. వరి కోసం అక్కడికి పోకండి. మీ రైతు వేదికలో ఉండే ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, మాత్రం కోతనాడు తప్పక పిలవండి. ఆయన కళ్ల ముందు తూచిన అంకెకు ఊళ్లో విలువ వేరు.

రెండో ఏడు గుంపు నలభై మందికి పెరిగితే ఏం చేయాలన్నది కూడా అడిగారు. అప్పుడు అందరూ మూడు మడులు పెట్టక్కర్లేదు. ఆఫ్రికాలోని మలావీలో 1990లలో ఇక్రిశాట్ వాళ్లతో కలిసి చేసిన "తల్లి-పిల్ల" పద్ధతి ఒకటుంది. ఊరి మధ్య ఒక తల్లి పరీక్షలో అన్ని పద్ధతులూ మళ్లీ మళ్లీ వేస్తారు, ఒక్కో రైతు తన పొలంలో నచ్చిన ఒకట్రెండు పద్ధతుల్ని మాత్రం తన మామూలు పద్ధతి పక్కన పిల్ల పరీక్షగా వేస్తాడు. కానీ అది తర్వాతి మాట. ఒక్క ఏడు ఫలితంతో పద్ధతి మార్చేయకండి. వానలు బాగా పడ్డ ఏడు ఒకలా, ఆగస్టులో వాన ఎగ్గొట్టిన ఏడు ఒకలా ఉంటుంది. కనీసం రెండు వానాకాలాలు చూడండి.

ఇప్పటికి ఒక్క పని చేయండి. ఈ ఆదివారం ఊరెళ్లినప్పుడు ఎనిమిది పొలాలూ తిరిగి, ఎన్నింటిలో మడి మడికీ విడి పాయ తీయడానికి వీలుందో, నీళ్లు ఎటునుంచి ఎటు పారుతున్నాయో గీసి ఫొటో పెట్టండి. ఏ మడులు పనికొస్తాయో చూసి చెబుతాను. నాన్నగారిని ఆ రెండెకరాల పాత దిగుబడి అడగడం మర్చిపోకండి.